లోపల మనుషులుండారా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

1984లో నాతోపాటు పదో తరగతి పరీక్ష రాసి, ఈ పొద్దు మనవళ్లను చంకనేసుకొని వచ్చిన నా స్నేహితురాళ్లకు ప్రత్యేకంగా నమస్కారం. వాళ్లలో ఇద్దరు నేను మాట్లాడేటప్పుడు నవ్వనని మాట ఇచ్చారు. చూద్దాం.

మన సంఘం కార్యదర్శి గారు నెల కిందట ఫోన్ చేసి, "అమ్మా, మీరు ఎట్ట పెరిగారో, రాయడం ఎట్ట మొదలుపెట్టారో చెప్పండి" అన్నారు. రెండు రోజులాగి మళ్లీ ఫోన్ చేసి, "ఇప్పటి పరిస్థితుల మీద కూడా నాలుగు మాటలు" అన్నారు. అవి రెండూ వేరువేరు అని ఆయన అనుకున్నట్టున్నారు. నాకు మాత్రం మొదటి నుంచీ ఒకటిగానే ఉన్నాయి. నేను ఊహ పుట్టి రచయిత్రిని కాలేదు. వార్తలు చదివి వినిపించడం నా మొదటి పని. రాయడం దాంట్లోంచి వచ్చింది.

మా ఇంటికి పేపరు వచ్చేది కాదు. పొద్దున బస్సులో ఊరికి ఒకటే పేపరు వచ్చేది, అది టీ కొట్టులో ఉండేది. టీ కొట్టు మగవాళ్లది. ఆడపిల్లలు దాని ముందు నుంచి తలొంచుకొని పోవాలి. అందువల్ల మా ఇంటికి పేపరు పొట్లాలుగా వచ్చేది. చింతపండు, బెల్లం, కందిపప్పు, మిరియాలు కట్టిన కాగితాలను మా జేజి పారేసేది కాదు. జాగ్రత్తగా విప్పి, చేత్తో చదును చేసి, గూట్లో దాచేది. దీపం పెట్టినాక నన్ను పిలిచి, "ఏముండాదో చదువు మే" అనేది.

ఆ వార్తలు నెల నాటివో, ఆర్నెల్ల నాటివో ఉండేవి. జేజికి ఆ పట్టింపు లేదు. తను వినలేదు కాబట్టి అది కొత్తదే. పొట్లం చిరిగిన చోట వార్త కూడా ఆగిపోయేది. "తర్వాత ఏమైంది?" అనేది జేజి. ఏమైందో నాకెట్ట తెలుస్తుంది? తెలియదంటే ఊరుకునేది కాదు. ఏదో ఒకటి కల్పించి చెప్పేదాన్ని. నా మొదటి కథలన్నీ బెల్లం అంటిన కాగితాల చివర పుట్టినవే.

ఇంతకంటే కష్టమైన పని ఇంకోటి ఉండేది. పేపరు తెలుగు జేజికి అర్థమయ్యేది కాదు. "తేటగా చెప్పు మే, అయ్యవారు మాదిరి చెప్పబాకు" అనేది. "నియమించిరి", "విచారం వెలిబుచ్చారు", "తీవ్ర వాయుగుండం" ఇట్లాంటివన్నీ ఆమె తెలుగులోకి తిప్పి చెప్పాల్సి వచ్చేది. ఎనిమిదేళ్ల పిల్లను, తెలుగు నుంచి తెలుగులోకి అనువాదం చేసేదాన్ని. జీతం ఒక వేరుశనగ ఉండ.

1979లో స్కైలాబ్ గోల మీలో నా వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ వార్త పొట్లం దాకా ఆగలేదు, గాలికంటే ముందు వచ్చింది. అమెరికా వాళ్లు ఆకాశంలో పెట్టింది కూలిపోతోంది, ఎక్కడ పడేదీ తెలియదు అన్నారు. చచ్చిపోయేదానికి ముందు తినేద్దామని ఊళ్లలో మేకలు, కోళ్లు కోసుకున్నారు. మా ఊళ్లో అయితే ఆ వారం కోడి కూత వినపడలేదు. జేజి నన్ను కూర్చోబెట్టుకొని, "ఏందది?" అని అడిగింది. పేపర్లో అంతరిక్ష ప్రయోగశాల అని ఉంది. నేను ఆలోచించి, "ఆకాశంలో తిరిగే ఇల్లు జేజీ, కూలిపోతా ఉంది" అన్నా. ఆమె ముందు తన ప్రాణం సంగతి అడగలేదు. మన ఊరి మీద పడుతుందా అని కూడా అడగలేదు. "ఇల్లంటుండావు, లోపల మనుషులుండారా?" అని అడిగింది.

దానికి జవాబు నేను చూసిన పేపర్లో లేదు. 1974 తర్వాత అందులో ఎవరూ లేరని నాకు చాలా ఏళ్లకు తెలిసింది. జులై 11న దాని తునకలు హిందూ మహాసముద్రంలోనూ, ఆస్ట్రేలియా పడమటి వైపునా పడ్డాయి. మన కోళ్లు అన్యాయంగా పోయాయి. కానీ విలేఖరిగా, రచయితగా ఇన్నేళ్లలో జేజి అడిగినంత మంచి ప్రశ్న నేను ఎవరినీ అడగలేదు. ఏ వార్త చూసినా నాకు ముందు అదే గుర్తొస్తుంది.

ఇంక బడి సంగతి. ఇంట్లో ఒక తెలుగు, నోటు పుస్తకంలో ఒక తెలుగు అని నాకు ఇక్కడే తెలిసింది. "మా ఇంటి కాడ చింతచెట్టు ఉండాది" అని రాస్తే, 'ఉండాది' మీద ఎర్ర సిరా పడేది. పక్కన 'ఉన్నది' అని వచ్చేది. 'కాడ' కింద రెండు గీతలు. దీన్ని ఫిర్యాదుగా చెప్పడం లేదు. ఆ ఎర్ర సిరా లేకుండా మనం పది గట్టెక్కే వాళ్లం కాదు. పైగా మా తెలుగు అయ్యవారు గిడుగు రామమూర్తి గారి గురించి కళ్లు మెరిసేట్టు చెప్పేవారు, వాడుక భాష కోసం ఆయన ఎట్లా పోరాడారో చెప్పేవారు. ఆ పాఠం మీద జవాబును కూడా మేము వాడని భాషలోనే రాసి పదికి ఎనిమిది తెచ్చుకున్నాం. గిడుగు వారు గెలిచారు, సందేహం లేదు. గెలిచిన తర్వాత పుస్తకాల్లోకి, పేపర్లలోకి వచ్చిన వాడుక భాష ఎక్కువగా కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకున్న వాళ్లది. ఉదయగిరి దుర్గం నీడన ఉండే మన మెట్ట వాళ్ల మాట దాంట్లోకి రాలేదు.

1983లో ఇదే సంఘం వ్యాసరచన పోటీ పెట్టింది. అంశం 'వార్తాపత్రికల వలన ప్రయోజనాలు'. నాకు మొదటి బహుమతిగా స్టీలు టిఫిన్ గిన్నె ఇచ్చారు. ఆ వ్యాసంలో ప్రజాస్వామ్యం ఉంది, నాలుగో స్తంభం ఉంది, విజ్ఞానం, వినోదం అన్నీ ఉన్నాయి. పొట్లాల ఊసు, జేజి ఊసు లేవు. అట్లాంటివి వ్యాసంలో రాయొచ్చని మా ఎవరికీ తోచేది కాదు. ఆ గిన్నె మాత్రం ఇప్పటికీ గట్టిగా ఉంది. మా అమ్మ దాంట్లో పోపు సామాన్లు పోసుకుంటుంది.

మా అమ్మ సంగతి చెప్పాలి. నేను కావలిలో డిగ్రీ చేసి, ఒక దినపత్రికకు కంట్రిబ్యూటరుగా చేరేనాటికి అమ్మకు చదువు రాదు. 1991లో మన నెల్లూరు జిల్లాలో అక్షర దీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం నడిచింది. రాత్రి బువ్వలైనాక రామాలయం దగ్గర పెట్రోమాక్స్ లైటు కింద ఆడవాళ్లు పలకలు పట్టుకొని కూర్చునేవాళ్లు. మొదట్లో సంతకం కోసం వచ్చారు. ఆ వాచకాల్లో సారా వల్ల కాపురం కూలిన సీతమ్మ అనే ఆమె కథ ఒకటి ఉండేది. చదవడం వచ్చినాక ఆ కథ దగ్గర ఆగి, అది తమ కథే కదా అని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. తర్వాత జరిగింది దేశమంతా తెలుసుకుంది. మన కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. 1992లో అది జిల్లా అంతటా పాకింది. సారా వేలం పాటలు జరగనివ్వకుండా కలెక్టరు ఆఫీసు దాకా పోయి కూర్చున్నారు.

మా నాయన మంచివాడు. ఈ మాట ముందు చెప్పి తర్వాత మిగతాది చెప్తా. ఆయన సేద్యం చేసేవాడు, వానలు లేనప్పుడు రాళ్లు కొట్టే పనికి పోయేవాడు. ఒళ్లు నొప్పులకని మొదలైంది సారా. అప్పట్లో వారుణి వాహిని అని ప్రభుత్వమే సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో పోసి పంపేది. నీళ్లకు మైలు నడిచే ఊరికి సారా మాత్రం బండిలో వచ్చేది. అమ్మ డబ్బులను సజ్జల కుండలో దాచేది. ఆ కుండ కూడా ఆయనకు తెలిసిపోయింది. చివరికి ఒక ఎద్దు పోయింది.

మా ఊళ్లో ఆడవాళ్లు కొట్టు మీదికి పోయిన రోజు నేను ఊళ్లోనే ఉన్నా. ప్యాకెట్లు తెచ్చి రోడ్డు మీద పారబోశారు. నా చేతిలో పెన్ను ఉంది, ఎదురుగా అమ్మ ఉంది. కంట్రిబ్యూటరుగా అడిగినట్టే అడిగా. అమ్మ అన్న మాట రాసుకున్నా: "నా మొగుడు కొట్టినాడని కాదు నేనొచ్చింది. బిడ్డల కూటి డబ్బులు ఆ ప్యాకెట్లో పోసి అమ్ముతుండారే, వాళ్లనడగను వచ్చినా." అట్లాగే రాసి, బస్సు డ్రైవరు చేతికి కవరిచ్చి పంపించా.

రెండో రోజు పేపర్లో వచ్చింది. "మద్యం సేవించి భర్తలు తమను చిత్రహింసలకు గురిచేస్తున్నారని మహిళలు ఆవేదన వ్యక్తం చేశారు." కింద మా ఊరి పేరు.

అమ్మ ఆ పేపరు తెప్పించుకుంది. అప్పటికి ఆరేడు నెలల చదువు. వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటా, 'చిత్రహింసలకు' దగ్గర రెండుసార్లు ఆగి, మొత్తం చదివింది. చదివినాక నా వైపు చూసి, "మీ నాయన నన్ను హింసలు పెట్టినాడని నేనెప్పుడన్నా మే? నేనన్నది యాడుండాది ఇందులో?" అంది.

టీ కొట్టులో ఎవరో గట్టిగా చదివారు. మా నాయన రెండు రోజులు ఆ వైపు పోలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు.

నేను నెల్లూరు పోయి, డెస్కులో ఉన్న పెద్దమనిషిని అడిగా. ఆయన కోప్పడలేదు. "అమ్మా, ఈ భాష శ్రీకాకుళం వాడికి అర్థమవుతుందా?" అన్నాడు. మామూలుగా చూస్తే న్యాయమైన ప్రశ్నే. అప్పుడు నాకు జవాబు దొరకలేదు. తిరుగు బస్సులో, ఆత్మకూరు దాటినాక దొరికింది. 'కూటి డబ్బులు' ఏ జిల్లా వాళ్లకు అర్థం కాదు? 'చిత్రహింసలకు గురిచేయడం' అని ఏ జిల్లాలో, ఏ ఇంట్లో మాట్లాడతారు?

మార్చింది ఒక్క యాసనే అయితే నేను సర్దుకునేదాన్నే. అమ్మ వేలెత్తి చూపింది కొట్టును, వేలం పాటను, ప్యాకెట్లు పంపే వాళ్లను. అచ్చులోకి వచ్చేటప్పటికి ఆ వేలు మా నాయన వైపు తిరిగింది. ప్రశ్న సర్కారుకు తగలాల్సింది, మా ఇంటి వరండాలో కూర్చున్న మనిషికి తగిలింది. నాలుగు మాటలు 'బాగు' చేయడంలో నేరం ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదికి పోయింది. ఆ డెస్కులో ఎవరూ కావాలని చేశారని నేననుకోను. తయారుగా ఉన్న మాటలకు ఆ గుణం ఉంది, అవి ఎప్పుడూ అలవాటైన దారిలోనే నడుస్తాయి.

నేను మానేయలేదు. సెంటీమీటరుకింత అని వచ్చే డబ్బులు అవసరం. కానీ రెండు వందల పేజీల నోటు పుస్తకం ఒకటి కొన్నా. ఎడమ పేజీలో వాళ్లు అన్నది అన్నట్టు, కుడి పేజీలో నేను పేపరుకు పంపింది. రెండేళ్లలో అట్లాంటివి ఐదు పుస్తకాలయ్యాయి. చూస్తా చూస్తా ఉంటే నాకు ఎడమ పేజీలు చదవబుద్ధయ్యేది, కుడి పేజీలు కాదు. ఆ రోజుల్లోనే నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి 'పచ్చనాకు సాక్షిగా' చేతికొచ్చింది. చిత్తూరు జిల్లా పల్లె మాట పుస్తకం నిండా ఉంది, ఎవరూ ఎర్ర సిరా పెట్టలేదు. తర్వాతెప్పుడో మన కావలి పిల్లవాడు మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' రాస్తే మన నెల్లూరు మాటే అచ్చులో కనపడింది. ఆ మధ్యలో, 1994లో, నేను అమ్మ మాటల్లోనే ఒక కథ రాసి వారపత్రికకు పంపా. వేశారు. ఒక్క 'ఉండాది' కూడా దిద్దలేదు. 'సొంత గొంతు దొరకడం' అని సాహిత్య సభల్లో అంటుంటారు. నా వరకు అది వెతికితే దొరికింది కాదు. ఆ ఎడమ పేజీలను కుడి వైపుకు తేవడమే.

మా నాయన ఆ కథను నా చేత చదివించుకున్నాడు. ఎద్దును అమ్మిన రాత్రి అందులో ఉంది. చదవడం అయినాక చాలాసేపు ఊరకుండి, "ఎద్దు పేరు రాసుంటే బాగుండు" అన్నాడు. పుస్తకంగా వచ్చినప్పుడు పేరు చేర్చా. అప్పటికి ఆయన లేడు.

సారా సంగతి ఏమైందో పిల్లలకు చెప్పాలి కదా. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. ఎందుకు సడలించారో, ఖజానా లెక్కలేమిటో పెద్దలు చాలా చెప్పారు. మా అమ్మ అన్నది నోటు పుస్తకంలో ఎడమ పేజీలో ఉంది: "మూసేదానికి మా సంతకాలు కావాల్సొచ్చె. తెరిచేదానికి ఎవురూ అడగలా."

ఇంక కార్యదర్శి గారు అడిగిన ఇప్పటి పరిస్థితులు. ఇప్పుడు పొట్లాలు లేవు, వార్త కోసం ఎవరూ ఎదురు చూడటం లేదు. జరగకముందే ఫోన్లోకి వస్తోంది. దాంతోపాటు దాని మీద ఏమనుకోవాలో కూడా వస్తోంది, అది నాకు భయం. ఒకే మాటలు వెయ్యిమంది నోట్లో తిరుగుతుంటాయి. ఈ హాల్లోనే ఒక సంగతి ఎత్తితే, ఎవరు ఏ గ్రూపులో ఉన్నారో వాళ్లు వాడే మాటల్ని బట్టి నేను చెప్పగలను. చిన్నప్పటి నుంచి ఎరిగిన మనుషుల నోట అట్లాంటివి వింటే బెంగగా ఉంటుంది. వాళ్ల సొంత మాట ఎంత బాగుంటుందో నాకు తెలుసు.

ఇందులో మెచ్చుకోవాల్సింది కూడా ఉంది. తెలంగాణ వాళ్లు తమ మాటను తాము గౌరవించుకున్నారు, పాటల్లో, సభల్లో, పేపర్లలో నిలబెట్టుకున్నారు. ఒకప్పుడు సినిమాల్లో నవ్వించే దానికి వాడిన యాస ఇప్పుడు కథానాయకుడు మాట్లాడుతున్నాడు. రాష్ట్రం విడిపోవడం మీద మీ అభిప్రాయం ఏదైనా కానీయండి, ఈ ఒక్క విషయంలో వాళ్ల నుంచి మనం నేర్చుకోవాలి.

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు నేను కావలిలో ఉన్నా. చెన్నై నుంచి కోల్‌కతా పోయే హైవే మన జిల్లా మీదుగానే పోతుంది. ఏప్రిల్, మే ఎండల్లో ఆ రోడ్డు వెంట కూలీలు నడిచి పోయారు. ఒడిశా, బీహారు, జార్ఖండ్ వాళ్లు. మన వాళ్లు దారిలో మజ్జిగ, పులిహోర పొట్లాలు పెట్టారు, నేనూ వాళ్లలో నిలబడ్డా. ఒక పత్రిక వాళ్లు రాయమన్నారు. నాకు వాళ్ల మాట రాదు. ఇన్నేళ్లు నేను నమ్ముకున్నది మనుషులు అన్న మాటను. ఆ మాటే అర్థం కానప్పుడు ఏం రాయాలి? వాళ్ల మనసులో ఏముందో ఊహించి, కన్నీళ్లు పెట్టించేట్టు రాయడం తెలుసు. చాలామంది రాశారు. నేను కనపడింది మాత్రమే రాశా. ఒకాయన చెప్పులు తెగిపోతే, నీళ్ల సీసాలను నలగ్గొట్టి పాదాలకు గుడ్డపీలికలతో కట్టుకున్నాడు. మజ్జిగ ఇచ్చిన ముసలామెకు తిరిగి ఇచ్చేదానికి ఆయన దగ్గర ఏమీ లేదు. జేబులోంచి బీడీ కట్ట తీసి చూపించాడు. ఆమె నవ్వి ఒక బీడీ తీసుకుంది. ఆ ముక్క వేసినాక ఎవరో ఫోన్ చేసి, "ఇందులో మీ ఆవేదన ఏదమ్మా?" అని అడిగారు. ఆవేదన వ్యక్తం చేయడం నాకు 1992తో సరిపోయింది.

చివరగా ఒక మనవి. 2019లో బడుల్లో ఇంగ్లీషు మీడియం కోసం జీవో 81 వచ్చింది, 2020లో హైకోర్టు దాన్ని కొట్టేసింది, తర్వాత జరిగిందంతా మీకు తెలుసు. ఆ గొడవలోకి నేను పోను. కూలి పని చేసే తల్లి తన బిడ్డకు ఇంగ్లీషు కావాలంటే, ఇంగ్లీషు చదువుకున్న వాళ్లం మనం కాదనలేం. కానీ ఏ మీడియమైనా, పిల్లలకు ఎర్ర సిరా పెట్టని పుస్తకం ఒకటి ఉండాలి. స్వర్ణోత్సవాలకు గేటు దగ్గర ఆర్చి కట్టాలని సంఘం అనుకుంటోందని విన్నా. కట్టండి, బాగుంటుంది. ఆ డబ్బుల్లో కొంచెం మిగిల్చి, ఎనిమిదో తరగతి నుంచి ప్రతి బిడ్డకూ ఏటా ఒక రెండు వందల పేజీల నోటు పుస్తకం ఇవ్వండి. ఇంట్లో జేజి, అబ్బ, అమ్మ, నాయన అన్న మాటలు అన్నట్టు రాసుకోమనండి. మార్కులు వేయొద్దు. టీచర్లు చూడనక్కర్లేదు, చూసినా దిద్దొద్దు. మొదటి ఏడాది పుస్తకాల ఖర్చు నేను పెట్టుకుంటా, హెడ్మాస్టరు గారితో ఇప్పుడే ఆ మాట చెప్పి వచ్చా. పుస్తకాలు రేపు ఆటోలో వస్తాయి. దించుకునేదానికి నలుగురు పిల్లల్ని పంపండి.

నా స్నేహితురాళ్లు ఇద్దరూ మాట తప్పి నవ్వుతుండారు. తర్వాత మాట్లాడాల్సిన వాళ్లు గడియారం చూస్తుండారు. సెలవు.